ఫైరింజన్ నమూనా క్యాబ్ లోపలికి ఏ రంగు, ఏ పద్ధతి? మన ఎండలో పనికొచ్చే ఎంపికలు

ప్లాస్టిక్ కిట్‌తో ఫైరింజన్ నమూనా కట్టేవారిలో చాలామంది బయటి ఎరుపు కోసం వారాలు వెచ్చిస్తారు. క్యాబ్ లోపలి భాగాన్ని మాత్రం ఒక్క సాయంత్రంలో ముగించి పైకప్పు అతికించేస్తారు. ఈ లెక్క తిరగబడాలని నా గట్టి నమ్మకం. బయటి ఎరుపు మంచి స్ప్రే, కాస్త ఓపిక ఉంటే కుదురుతుంది. సీటు మీద రెక్సిన్ నిగారింపు, స్టీరింగు వెనుక మీటర్ల వరుస, కొక్కేనికి వేలాడే వైర్‌లెస్ మైకు చేతిపనితో తప్ప రావు. గంట మోగగానే సిబ్బంది ఎక్కి కూర్చునే చోటు అది. అక్కడ నల్లరంగు పూసి వదిలేస్తే ఎంత మెరిసే బండి అయినా అసలు వాహనం అనిపించదు.

ఈ పనిపై దొరికే సలహాలలో ఎక్కువభాగం చల్లని, తేమ దేశాలవారు రాసినవి. అక్కడ హాయిగా సాగే పద్ధతి మే నెల కర్నూలులో, దుమ్ము లేచే అనంతపురంలో, కడప ఎండలో మొండికేస్తుంది. నలభై డిగ్రీలు దాటిన పొడి గాలిలో నీటి రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. అదే గాలిలో నిదానంగా ఆరే ఎనామెల్ మీద దుమ్ము వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇక్కడి వాతావరణానికి, ఇక్కడి దుకాణాల్లో దొరికే సరుకుకు తగినట్టు పోల్చి, నేను దేనిని ఎంచుకుంటానో కూడా చెబుతాను.

తలుపులు తెరిచి ఉంచాలా, మూసేయాలా?

రంగు సీసా మూత తీసే ముందు తేలవలసిన ప్రశ్న ఇది. క్యాబ్ ముక్కలను జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో బిగించి, అద్దం రావలసిన చోటు నుంచి లోపలికి చూడండి. గదిలోని మామూలు వెలుతురే చాలు, టార్చి వద్దు. మీ నమూనాను చూసేవారు టార్చి వేసి చూడరు కదా. 1/24 కొలతలో (అసలు బండిలో ఇరవైనాలుగో వంతు) తలుపులు మూసిన క్యాబ్‌లో సాధారణంగా డ్యాష్‌బోర్డు పైభాగం, స్టీరింగు, సీట్ల వీపులు, ఎదుటి తలుపు లోపలి పైభాగం కనిపిస్తాయి. నేల, పెడళ్లు దాదాపు కనిపించవు. కనిపించని చోట గంటలు ఖర్చు చేయడం కంటే ఆ గంటలను డ్యాష్‌బోర్డుకు ఇవ్వడం మేలు.

తలుపులు తెరిస్తే లెక్క మారిపోతుంది. నేల, పెడళ్లు, తలుపు లోపలి పలక, సీటు కింది పెట్టె అన్నీ బయటపడతాయి. అచ్చు నుంచి ముక్కను నెట్టే పిన్నులు వదిలిన గుండ్రని మచ్చలు కూడా కనిపిస్తాయి. పైకప్పు లోపల, తలుపు లోపల ఇవి సాధారణంగా ఉంటాయి. వాటిని పుట్టీతో నింపి రుద్దాలి. చదునైన ముక్కలను రుద్దడానికి మన దగ్గర ఉన్నంత మంచి సాధనం మరెక్కడా లేదు: నున్నగా పాలిష్ పట్టిన కడప బండ. దాని మీద నీటి గరుకు కాగితాన్ని టేపుతో అతికించి ముక్కను దాని మీద తిప్పితే అంచులు గుండ్రబడకుండా సమంగా అరుగుతుంది.

మొదటిసారి చేసేవారు తలుపులు మూసే కట్టాలి. 1/72, 1/87 లాంటి చిన్న కొలతల్లో తెరవాలన్న ఆలోచనే వద్దు. ముదురు బూడిద, లేత బూడిద, సీట్లకు ఒక రంగు, అంతటితో సరి. 1/35లో ఐసీఎం కంపెనీ చేసే సోవియట్ ఫైరింజన్ ఏసీ-40 లాంటి కిట్‌లో డ్యాష్‌బోర్డు, సీట్లు శ్రద్ధగా చేస్తే చాలు. 1/24లో ఇటలేరి వారి ఇవెకో మాగిరస్ నిచ్చెన బండి, రెవెల్ వారి జర్మనీ ఫైరింజన్ ష్లింగ్‌మాన్ హెచ్‌ఎల్‌ఎఫ్ 20, 1/25లో ఏఎంటీ వారి అమెరికన్ లాఫ్రాన్స్ బండ్లు అయితే లోపలి పనికి పూర్తి అవకాశం ఉంది.  పాత అమెరికన్ ట్రక్కుల్లో కొన్నిటికి క్యాబ్ వెనుక, వెనక్కి తిరిగి కూర్చునే సీట్లు బయటికే కనిపిస్తాయి. అలాంటి బండిలో తలుపులు మూసినా ఆ సీట్ల పని తప్పదు.

జర్మనీ బండిగా ఉంచాలా, మన బండిగా మార్చాలా?

ఇది రంగుల ప్రశ్న కంటే ముందే వస్తుంది. పైన చెప్పిన కిట్లన్నిటిలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన దేశంలో వాటర్ టెండర్లను (నీటి ట్యాంకు ఉన్న ఫైరింజన్లను) ఎక్కువగా టాటా, అశోక్ లేల్యాండ్ చాసిస్‌ల మీద కడతారు, స్టీరింగు కుడివైపు. బయట తెలుగు అక్షరాలు రాసి, లోపల ఎడమవైపు స్టీరింగు వదిలేస్తే తెలిసినవారి కన్ను మొదట అక్కడికే పోతుంది. మార్చాలంటే డ్యాష్‌బోర్డును రంపంతో ముక్కలు చేసి మీటర్ల భాగాన్ని కుడివైపుకు జరపాలి. స్టీరింగు కడ్డీ, పెడళ్లు, బయటి వైపర్లు కూడా మారాలి. తలుపులు మూసిన నమూనాలో ఇది సాధ్యమైన పనే, ఎందుకంటే పెడళ్లు ఎలాగూ కనిపించవు. తలుపులు తెరిచే నమూనాలో మాత్రం ఇది రెండు రెట్ల శ్రమ. జర్మనీ బండిని జర్మనీ బండిగానే నిజాయితీగా చేయడం అప్పుడు మంచి ఎంపిక.

మన బండి చేయదలిస్తే ఆధారానికి ఫొటోల మీదే ఆధారపడవద్దు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ నౌక పేలినప్పుడు మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు అర్పించారు. వారి స్మరణలో ఆ వారం జరుపుతారు. ఆ రోజుల్లో సిబ్బంది ప్రదర్శనలు ఇస్తారు, వాహనాలు, పరికరాలు చూపిస్తారు. మీ ఊరి అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి అనుమతి అడిగి క్యాబ్ చూడండి. సీటు ఎక్కడ నలిగిందో, గేరు కడ్డీ మీద రంగు ఎక్కడ పోయిందో, నేల మీద బూట్లు ఎక్కడ ఆనుతాయో చూసి రాసుకోండి. ఆ నాలుగు గమనికలు ఏ రంగుల పట్టిక కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. మరొక మాట: పిల్లలను కూడా తీసుకువెళ్లండి. 101 నంబరు ఎందుకు గుర్తుంచుకోవాలో వాళ్లకు అక్కడ అర్థమవుతుంది.

రంగులు: దేనికి దేనిని వాడాలి?

లోపలి భాగానికి నా మొదటి ఎంపిక నమూనాల కోసమే చేసిన నీటి అక్రిలిక్. వల్లేహో లాంటివి. చుక్క చుక్కగా తీసుకోవచ్చు, వాసన ఉండదు, బ్రష్ గీతలు తక్కువ, బూడిద ఛాయలు లెక్కలేనన్ని. ఇంట్లో పిల్లలు, పెద్దలు ఉన్న గదిలో కూర్చుని చేయవచ్చు. దీని బలహీనత రెండు చోట్ల ఉంది. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పట్టు పూత) లేకుండా ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టదు, గోరు తగిలితే లేస్తుంది. రెండోది మన ఎండ. పొడి గాలిలో రంగులు కలిపే పలక మీద వేసిన చుక్క చూస్తుండగానే తోలు కడుతుంది. దీనికి మందు తడి పలక: మూత ఉన్న స్వీట్ల డబ్బాలో తడిపిన టిష్యూ పరిచి, దాని మీద బేకింగుకు వాడే బటర్ పేపర్ వేసి, రంగును ఆ కాగితం మీద పెట్టుకోవాలి. సీలింగ్ ఫ్యాను ఆపి తెల్లవారుజామున కూర్చుంటే ఇంకా మంచిది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ దొరకకపోతే మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌ను నీటిలో కలిపి అతి కొద్దిగా వాడవచ్చు. ఎక్కువైతే రంగు రోజుల తరబడి జిగటగానే ఉంటుంది.

పలచన చేయడానికి బోరు నీరు వాడవద్దు. మన జిల్లాల్లో చాలాచోట్ల భూగర్భ జలం కఠినం, ఆరాక తెల్లటి మరక వదులుతుంది. నల్ల డ్యాష్‌బోర్డు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే ఏడాది వస్తుంది.

టమియా అక్రిలిక్ పేరుకు అక్రిలిక్కే అయినా దానిలో ఆల్కహాల్ తరహా ద్రావకం ఉంటుంది. ఎయిర్ బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పరికరంతో) కొడితే అద్భుతంగా పరుచుకుంటుంది. బ్రష్‌తో వేస్తే రెండో పూత మొదటి పూతను కరిగించి పైకి లాగుతుంది, వేసవిలో ఈ బాధ మరీ ఎక్కువ. ఎయిర్ బ్రష్ ఉన్నవారు క్యాబ్ మూల రంగుకు దీనిని వాడి, చిన్న పనులకు వల్లేహో పట్టుకోవడం మంచి జోడీ.

స్టేషనరీ దుకాణాల్లో సులభంగా దొరికే ఫెవిక్రిల్, కేమెల్ అక్రిలిక్‌లను తీసిపారేయవద్దు. వాటిలో రంగు పొడి కొంచెం ముతక, చిక్కదనం ఎక్కువ. మీటర్లకు, స్విచ్చులకు పనికిరావు. కానీ సీట్లకు, నేల చాపకు, వెనుక గోడకు రెండు మూడు పలచని పూతలుగా వేస్తే చక్కగా సరిపోతాయి. ఖరీదైన రంగు అవసరం లేని చోట దానిని ఖర్చు చేయడంలో అర్థం లేదు. విద్యార్థులు వీటితో మొదలుపెట్టి, సన్నని పనికి మాత్రం రెండు మూడు మంచి సీసాలు తెప్పించుకుంటే చాలు.

హార్డ్‌వేర్ దుకాణంలో చిన్న డబ్బాల్లో దొరికే ఎనామెల్ నున్నగా పరుచుకుంటుంది, బ్రష్ గీత మిగలదు. అయితే ఆరడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో అనంతపురం గాలి తన పని చేసుకుపోతుంది. మెరుపు కూడా క్యాబ్ లోపలికి ఎక్కువ. గేరు కడ్డీ గుండు లాంటి ఒకటి రెండు ముక్కలకు తప్ప నేను సిఫార్సు చేయను. వాడితే పలచన చేయడానికి మినరల్ టర్పెంటైన్ మాత్రమే అడగండి. అదే అల్మారాలో ఉండే ఎన్‌సీ థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. దానిని క్యాబ్ దరిదాపులకు రానివ్వవద్దు.

ఇక స్ప్రే డబ్బాలు. పాత ట్రక్కుల్లో తలుపు లోపలి లోహం, ద్వారబంధం బయటి ఎరుపులోనే ఉంటాయి కనుక ఇవి లోపలి పనిలోనూ వస్తాయి. ఎరుపును బయటా లోపలా ఒకేసారి కొట్టి, ఆరాక ఆ భాగాలను టేపుతో కప్పి, మిగిలినవి బ్రష్‌తో చేయడం సరైన వరుస. బూడిద, నలుపు ముందు వేసి తర్వాత ఎరుపు కొట్టబోతే టేపు అంచు కింద ఎరుపు దూరి పనంతా పాడవుతుంది. కార్లకు వాడే స్ప్రేను ఉత్త ప్లాస్టిక్ మీద తడిగా కొట్టకూడదు, ఉపరితలం పగుళ్లు వేస్తుంది. ముందు ప్రైమర్, తర్వాత మంచు పడినంత పలచగా రెండు మూడు విడతలు. వాన ముసురు ఉన్న రోజున కొడితే రంగు మీద తెల్లటి పొగ పడుతుంది. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కొడితే రంగు గాలిలోనే ఆరి గరుకుగా వాలుతుంది. ఆరబెట్టడానికి కూడా ముక్కలను ఎండలో పెట్టకండి, ముదురు రంగు వేసిన పలచని ముక్కలు వేడికి వంకర తిరుగుతాయి. మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

నలుపు వద్దు, బూడిద కావాలి

క్యాబ్ లోపల వెలుతురు తక్కువ. అసలు వాహనంలో నల్లగా ఉన్నది నమూనాలో నలుపే పూస్తే అద్దం వెనుక ఏమీ కనిపించదు. అన్నిటినీ ఒకటి రెండు ఛాయలు తేలిక చేయండి. ముదురు బూడిదను డ్యాష్‌బోర్డుకు, దానికన్నా కొంచెం వెచ్చని బూడిదను సీట్లకు, ఇంకొంచెం తేలికైనదాన్ని నేలకు వాడండి. మూడూ దగ్గరి ఛాయలే అయినా పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను వాటిని వేరుగా పట్టుకుంటుంది. ప్రైమర్ విషయంలోనూ ఇదే తర్కం: లోపలికి బూడిద ప్రైమర్, ఎరుపు రావలసిన చోట తెలుపు లేదా గులాబీ. నల్ల ప్రైమర్ మీద ఎరుపు ఎన్ని పూతలు వేసినా మురికిగానే ఉంటుంది.

రంగు ఎంత ముఖ్యమో మెరుపు అంత ముఖ్యం. చాలామంది దీనిని పట్టించుకోరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. ప్లాస్టిక్ డ్యాష్‌బోర్డు మెరవకూడదు, మ్యాట్ కావాలి. రెక్సిన్ సీటుకు సగం మెరుపు, అంటే సాటిన్. రబ్బరు చాప పూర్తిగా మ్యాట్. ఒకే బూడిదను మూడు రకాల వార్నిష్‌తో వేస్తే అవి మూడు పదార్థాలుగా కనిపిస్తాయి. కొత్త రంగు కొనే ముందు మ్యాట్, సాటిన్ వార్నిష్‌లు రెండూ కొనండి.

మీటర్లు: డెకాల్, చేతిగీత, ప్రింటు

కిట్‌లో డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే పలచని స్టిక్కరు) ఉంటే అదే వాడండి. కింద మెరుపు వార్నిష్ వేసి, డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రావణంతో ఉబ్బెత్తు మీటర్ల మీద కూర్చోబెట్టి, పైన మ్యాట్ వేయాలి. చివరికి ఒక్కో మీటరు మీద ఒక్కో చుక్క మెరుపు వార్నిష్ పెడితే అది గాజులా నిలుస్తుంది. క్యాబ్ మొత్తంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలితం ఇచ్చే పని మరొకటి లేదు.

డెకాల్ లేకపోతే రెండు దారులు. నల్ల మీటరు అంచుల మీద లేత బూడిదను పొడి బ్రష్‌తో (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో) రాసి, ముల్లును సన్నని బ్రష్ కొనతో గీయవచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు నగలు, పూసలు దిద్దే కళాకారుల చేతిని ఒకసారి దగ్గర నుంచి చూస్తే, బ్రష్ కొనను ఎంత నిటారుగా పట్టాలో తెలుస్తుంది. రెండో దారి ప్రింటు. ఇక్కడ ఫొటో ల్యాబ్ కంటే జిరాక్స్ సెంటరులోని మంచి లేజర్ ప్రింటరు మేలు. 85 మిల్లీమీటర్ల మీటరు 1/24లో మూడున్నర మిల్లీమీటర్లు వస్తుంది. అంగుళానికి 300 చుక్కల ఫొటో ప్రింటులో ఆ వెడల్పులో పట్టేది నలభై చుక్కలే, అంకెలు అలుక్కుపోతాయి. 1200 చుక్కల లేజర్‌లో నూట అరవై దాటుతాయి. నలుపు తెలుపు మీటర్లకు అది చాలు.

సీటు బెల్టులు, మైకు, నేల

బెల్టుకు రిబ్బన్ వాడవద్దు, ఎంత సన్నదైనా ఆ కొలతకు మందమే. అసలు బెల్టు వెడల్పు దాదాపు 48 మిల్లీమీటర్లు, 1/24లో అది రెండు మిల్లీమీటర్లు. మాస్కింగ్ టేపును రంగు వేశాక కొత్త బ్లేడుతో చీల్చి సీటు మీద వదులుగా పడేలా అతికిస్తే సరిగ్గా కుదురుతుంది. బకిల్‌కు వంటింటి అల్యూమినియం రేకు చిన్న ముక్క. అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రూపొందించే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ ప్రమాణాల ప్రకారం కట్టిన కొత్త ఫైర్ ట్రక్కుల్లో బెల్టులు మెరిసే ఎరుపు లేదా నారింజ రంగులో ఉంటాయి. బూడిద సీటు మీద ఆ గీత ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. కానీ దానిని 1970ల నాటి లాఫ్రాన్స్‌లో పెడితే తప్పు.

మైకు తీగకు పాత మోటారులోని సన్నని రాగి తీగను గుండుసూదికి చుట్టి లాగండి, స్ప్రింగు తీగ సిద్ధం.

గీతల అల్యూమినియం పలక ఉన్న నేలకు రెండు పద్ధతులు ఉన్నాయి. ముదురు బూడిద వేసి వెండి రంగును పొడి బ్రష్‌తో రాయడం ఒకటి. పలచని వంటింటి రేకును అతికించి దూది పుల్లతో కిందనున్న గీతలు పైకి తేలేలా రుద్దడం రెండోది. రేకు నిజంగా లోహంలా మెరుస్తుంది, తలుపులు తెరిచిన నమూనాలో ఆ శ్రమ దక్కుతుంది. మూసిన నమూనాకు పొడి బ్రష్ చాలు.

మురికి విషయంలో చేయి బిగబట్టండి. అగ్నిమాపక సిబ్బంది వాహనాన్ని శుభ్రంగా ఉంచుతారు. అక్రిలిక్ మీద వేయడానికి ఎనామెల్ వాష్ (బాగా పలచన చేసిన ముదురు రంగు) మేలు, ఎక్కువైన చోట టర్పెంటైన్ తడిపిన బ్రష్‌తో తుడిచేయవచ్చు. నీటి వాష్ ఆరితే ఇక తుడవలేరు. వాష్‌ను కీళ్లలో, సీటు కుట్ల మధ్య మాత్రమే దించండి. బూట్లు ఆనే చోట కొద్దిగా మన్ను ఉండవచ్చు. మన బండి అయితే ఆ మన్ను ఏ ఊరిదో తెలియాలి: కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి, అనంతపురం వైపు ఎర్రమట్టి. నిజమైన మట్టి రేణువులు ఈ కొలతకు రాళ్లలా కనిపిస్తాయి. సుద్ద తరహా పాస్టెల్‌ను గరుకు కాగితం మీద అరగదీసిన పొడి సరిపోతుంది. నూనె పాస్టెల్ పొడి కాదు, అది కొనవద్దు.

అద్దాలకు ఏ జిగురు?

ఇంత చేశాక అద్దం మసకబారితే అన్నీ వృథా. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కడుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ ఒక్క చుక్క జారినా అద్దం కరుగుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురును అగ్గిపుల్ల కొనతో అంచు వెంట పలచగా రాయండి. ఆరితే దాదాపు కనిపించదు, తప్పు పడితే తడి బట్టతో తుడవవచ్చు, పట్టు కూడా అద్దానికి సరిపోతుంది. క్యాబ్ పైకప్పు అతికించే ముందు లోపలి రంగులను, ముఖ్యంగా ఎనామెల్ వాష్‌ను, కనీసం రెండు మూడు రోజులు మూత వేసిన పెట్టెలో పూర్తిగా ఆరనివ్వండి. సగం ఆరిన రంగు ఆవిరి మూసిన క్యాబ్‌లో చిక్కుకుంటే అది కూడా అద్దం మీదే చేరుతుంది. వీలైతే పైకప్పును జిగురుతో కాకుండా బిగువుగా నొక్కి కూర్చునేలా అమర్చుకోండి, లోపల దుమ్ము పడినప్పుడు తీసి శుభ్రం చేసుకోవచ్చు.